మోదుగ రంగు దట్టీ

కరక్కాయల కోనలో సూర్యుడు రోజుకు రెండుసార్లు ఉదయిస్తాడు. మొదట తూర్పు కొండల వెనక నుంచి లోకానికంతటికీ వచ్చినట్టే వస్తాడు. ఆ వెలుగు గాలిలోయ దాటి, ఆవలి గట్టున నిటారుగా నిలిచిన గాజుగుట్టను తాకుతుంది. అంతే, గుట్ట గుట్టంతా భగ్గుమంటుంది. కెంపులూ పచ్చలూ పుష్యరాగాలూ చాటతో చెరిగి పోసినట్టు రంగురంగుల కాంతి పడమటి నుంచి వెనక్కి మళ్ళి కోన మీద కురుస్తుంది. అప్పుడు ప్రతి చెట్టుకూ రెండు నీడలు, ప్రతి రాయికీ రెండు నీడలు. కొత్తగా వచ్చిన కాకులు ఏ నీడలో వాలాలో తెలియక గాలిలోనే తిరుగుతుంటాయి.

ఆ ఉదయం సాము నేర్పే గరిడీ ముంగిట్లో పందొమ్మిదిమంది పిల్లలు, ఒక పెద్దవాడు వరుసగా నిలబడ్డారు. నలభై నీడలు. అందులో ఒక జత నీడలు మాత్రం మిగతావాటికి మూడింతల పొడుగు. పైగా అవి ఒక్కచోట నిలవడం లేదు.

అవి మరకతపురి యువరాజు అరుణకేతుడివి.

అరుణకేతుడికి ఇరవై రెండేళ్ళు. పరుగెత్తే ఏనుగు మీద నుంచి మరో ఏనుగు మీదికి దూకి కత్తి తిప్పినవాడు. అలాంటివాడు ఇప్పుడు మోకాళ్ళ దాకా ముతక పంచె కట్టుకుని, ఉప్పు బండి తోలే సింగన్నగా పేరు మార్చుకుని, పాలపళ్ళు ఊడుతున్న పిల్లల వెనక వరుసలో చిట్టచివర నిలబడి ఉన్నాడు. అతని చేతిలో ఉన్నది తెల్ల దట్టీ. నడుముకు కట్టుకునే ఆ తెల్ల గుడ్డకు గరిడీలో విలువ లేదు. అది పసుపు కావాలి. ఈరోజే కావాలి.

బొడ్డులో దోపుకున్న చిన్న సంచిని తడిమి చూసుకున్నాడు. అందులో అయిదు రేకుల నందివర్ధనం పువ్వు ఒకటి ఉంది. అతని చెల్లెలు కుముదిని, తొమ్మిదేళ్ళ పసిది, ఉద్యానవనంలో ఆడుకుంటూ ఉండగా ఉలూకదత్తుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి గాజుగుట్టలో దాచాడు. పోతూ పోతూ ఈ పువ్వు పడేసి, "పదిరోజులకొక రేక గాజవుతుంది. అయిదో రేక గాజైన నాడు నీ చెల్లెలు కూడా గాజుబొమ్మే" అని నవ్వాడు. మూడు రేకులు అప్పుడే గాజైపోయాయి. నాలుగోది నేటితో సరి.

గుట్టకు ఉన్న దారి ఒక్కటే, గాలిలోయ మీద తీగెల వంతెన. దానికి కాపలా రెండు రాతి పొట్టేళ్ళు. ఈ గరిడీలో రంగు పట్టిన దట్టీ నడుముకు లేనివాణ్ణి అవి కుమ్మి లోయలో పారేస్తాయి. అరుణకేతుడు వచ్చిన మొదటిరోజే కత్తి దూసి వంతెన మీదికి ఉరికాడు. కత్తి లోయపాలయింది. తాను ఒక తీగ పట్టుకుని వేలాడి బతికాడు. ఆ తరువాతే ఉప్పు బండి సింగన్నై గరిడీలో చేరాడు.

చేరడం తేలిక. పసుపు రావడమే గగనమైంది. పన్నెండు ఉదయాలు తప్పకుండా వచ్చి, ఉదయానికొక దారం చొప్పున దట్టీ కొసకు పన్నెండు దారాలు ముడి వేయించుకున్నవాడికే పరీక్ష. పరీక్ష తొమ్మిది రోజులకొకసారి. అరుణకేతుడు ఇప్పటికి రెండుసార్లు నిలబడ్డాడు. రెండుసార్లూ, "ఇంకా పచ్చిగా ఉంది" అన్నారు. ఆ గరిడీలో ఎవరినీ ఓడిపోయావని అనరు. పచ్చిగా ఉందంటారు, అంతే. ఈసారి కూడా అదే మాట వింటే మళ్ళీ తొమ్మిది రోజులు ఆగాలి. అప్పటికి చెల్లెలికి మిగిలేది ఒక్క రోజు.

"వంగు అన్నా," అంది ఎదురుగా ఉన్న పిల్ల.

ఆ పిల్ల పేరు నాంచారి. ఎనిమిదేళ్ళు. నడుముకు ఆకుపచ్చ దట్టీ. గరిడీలో ఇప్పుడు అంతకు మించిన దట్టీ ఇంకెవరికీ లేదు. గోధుమరంగు, నలుపు కట్టినవాళ్ళంతా ఒక్కొక్కరే మాంత్రికుడి మీదికి వెళ్ళి గాజుబొమ్మలైపోయారు. నాంచారి తండ్రి కదిరన్న అందరికంటే చివర వెళ్ళాడు. ఆయనది నల్ల దట్టీ.

తన దట్టీ తాను కట్టుకోవడం ఇక్కడ పెద్ద తప్పు. పై దట్టీ పిల్ల కింది దట్టీ పిల్లకు కట్టాలి. అందుకని నాంచారి వరుస పొడుగునా కట్టుకుంటూ వచ్చి అతని దగ్గర ఆగింది.

"ఇంకా వంగు. తాటిచెట్టుకు దట్టీ కట్టమంటే ఎట్లన్నా?"

అరుణకేతుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"చెప్పు, నడకలో ఎన్ని అడుగులు?"

"పన్నెండు."

"ముందుకెన్ని?"

"ఆరు."

"వెనక్కో?"

అతను తన మడమల వైపు చూసుకున్నాడు.

"ఆరన్నా, ఆరు! బయల్దేరిన గుర్తు మీదికే మళ్ళా రావల్ల. నువ్వేమో పోయినసారి పన్నెండూ ముందుకే వేసి, గోడ ఎక్కి, మా అవ్వ సద్దిమూట తొక్కితివి."

"మా ఊళ్ళో వెనక్కి నడవరు."

"ఎద్దులు కూడానా?" అంది నాంచారి. చుట్టూ ఉన్న పిల్లలు కిసుక్కుమన్నారు.

అతను ఊరికే అన్న మాట కాదది. మరకతపురి సాముశాలలో రాజకుమారుల మడమల వెనక నిప్పులు పరిచి సాము నేర్పుతారు. వెనకడుగు వేస్తే కాలుతుంది. అరుణకేతుడి రెండు మడమల మీదా ఏడేళ్ళ నాటి మచ్చలు ఇంకా నల్లగా ఉన్నాయి. బుర్ర వెనక్కి వెయ్యమన్నా ఆ మడమలు ఒప్పుకోవు.

"ఇంక పడేది చూస్తే నవ్వొస్తాది," అంటూ నాంచారి ముడి బిగించింది. "గడ్డం ఎదకు ఆనించి, చెయ్యి నేలకు కొట్టి, దొర్లల్ల. నువ్వు పడనే పడవు, కొయ్య మాదిరి నిలబడుకుంటావు. తాకేది అంతకంటే ఘోరం. నా భుజం మీద చిటికెడు బియ్యప్పిండి పెడితే కర్ర కొసకు పిండి అంటల్ల, నాకు మాత్రం తెలియకూడదు. పోయినసారి కొడితివి చూడు, మూడు దినాలు ఈ చెయ్యి పైకి లేయలే."

"ఈసారి తెలియనివ్వను నాంచారీ. ఒట్టు."

గోడ మీద తల్లిదండ్రులు అప్పుడే చోటు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళకు పిల్లలకంటే ఎక్కువ కంగారు.

"మా వోనికి పోయినసారే ఆకుపచ్చ రావల్సింది. ఆ పరీక్ష చేసేటాయనకు కండ్లు ఆనవు," అంటున్నాడు ఒక తండ్రి.

"మీ వోడు దట్టీ విప్పి తొండను కట్టేసినాడంట కదా," అంది పక్కనున్న తల్లి.

"తొండను పట్టేది కూడా సామే కదమ్మా!"

ఈ గోల మధ్య గరిడీ పెద్ద ఓబుళమ్మ కర్ర పొడుచుకుంటూ బయటికి వచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి. వేళ్ళన్నీ రంగులు పట్టి ఇంద్రధనుస్సులా ఉంటాయి. దట్టీలకు రంగు వేసేది ఆమే. ప్రతి పిల్లకూ ఒకటే గుడ్డ. ఆ తెల్ల గుడ్డనే మోదుగపూల కాగులో ముంచితే పసుపు. ఆ పసుపునే నీలి తొట్టిలో ముంచితే ఆకుపచ్చ. దాన్నే ఎర్రటి చిరివేరు రసంలో కాచితే గోధుమరంగు. చివరికి కరక్కాయ, ఇనుప తుప్పు పట్టిస్తే నలుపు. అందుకే నల్ల దట్టీ అరిగినచోట గోధుమ కనిపిస్తుంది, ఇంకా అరిగినచోట ఆకుపచ్చ, దాని కింద పసుపు. కట్టినవాడు ఎన్నేళ్ళు చెమటోడ్చాడో ఆ అంచే చెబుతుంది.

"నేను లోపలికి పోతాండా," అంది ఓబుళమ్మ. "నా పిల్లోళ్ళను నేనే పరీక్ష చేస్తే కొంచెం తక్కువైనా చాల్లే అనిపిస్తాది. పొరుగు గరిడీ ఆయన వచ్చి చూస్తాడు. అయిపోయేదాకా తలుపు తియ్యను." రెండడుగులు వేసి, మళ్ళీ ఆగి, అరుణకేతుడి కుడిచెయ్యి పట్టుకుని అరచేయి తిప్పి చూసింది. "ఎద్దుల పగ్గం పట్టినోనికి కాయలు వేళ్ళ మొదట్లో ఉంటాయి నాయనా. నీకు బొటనవేలి పక్కన ఉండాయి." ఆమె గొంతు తగ్గించింది. "నువ్వెవరో నేనడగను. తొందరపడొద్దు."

"తొందర నాది కాదమ్మా, నా చెల్లెలి ప్రాణానిది."

ఓబుళమ్మ రంగుల పాకలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అంతలోనే పరీక్షాధికారి వచ్చాడు. ఎప్పుడూ వచ్చే పెద్దాయన కాదు, కొత్తమనిషి. బారెడు పొడుగు, గుండ్రటి మొహం, చిన్న ముక్కు. తలపాగా కనుబొమల కిందికి లాగుకున్నాడు. గాజుగుట్ట వెలుగు మీద పడినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు. నడుముకు నల్ల దట్టీ.

"మా పెద్దాయనకు జ్వరం. నన్ను పంపాడు. త్వరగా కానిద్దాం!" అన్నాడు.

నాంచారి మర్యాద ప్రకారం ఎదురువెళ్ళి, వచ్చినాయన దట్టీ విప్పి తిరిగి కట్టబోయింది. బయటినుంచి వచ్చిన పెద్ద దట్టీకి ఇక్కడి పిల్ల చేత ముడి వేయించడం ఆచారం. అతను ఉలిక్కిపడి ఆమె చేతిని విదిలించాడు. "ముట్టుకోకు! నేను కట్టుకునే వచ్చాను."

నాంచారి వెనక్కి తగ్గింది. కానీ దట్టీ అంచు అప్పటికే ఆమె వేళ్ళ మధ్య నుంచి జారింది. అరిగిన ఆ కొస వైపు ఒక్క క్షణం చూసి, నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. పరీక్షాధికారిని పిల్లలు ప్రశ్నించకూడదు.

పరీక్ష మొదలైంది. అంత వేగంగా పరీక్ష జరగడం ఆ గరిడీ ఎన్నడూ చూడలేదు. ఒక పిల్లవాడు నాలుగడుగులు వేసేసరికి "చాలు, నెగ్గావు" అన్నాడు కొత్తాయన. ఒక పిల్ల తప్పు కాలు పెట్టి ఏడవబోతుంటే "నెగ్గావు, నెగ్గావు" అన్నాడు. గోడ మీద తల్లిదండ్రులు ఆనందం పట్టలేక ఈలలు వేశారు. తొండ పిల్లవాడి తండ్రి పక్కావిడకు వినబడేట్టు, "ఇదీ పరీక్షంటే! ఈయనకు కండ్లు బాగుండాయి" అన్నాడు.

అరుణకేతుడి వంతు వచ్చింది. సున్నపు గుర్తు మీద నిలబడి, ఊపిరి బిగబట్టి కదిలాడు. ఒకటి, రెండు, మూడు... ఆరు అడుగులు మెరుపులా పడ్డాయి. ఏడో అడుగు వెనక్కి వేయాలి. మడమ భగ్గున మండినట్టయింది. కాలు దానంతటదే ముందుకు పోయింది. పన్నెండు ముగిసేసరికి అతను గుర్తుకు ఆరు బారల అవతల, గోడకు ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు.

బొడ్డులోని సంచిలో "ట్ణింగ్" మని చిన్న చప్పుడైంది. అతను తీసి చూశాడు. నాలుగో రేక గాజైపోయింది.

"భేష్! నెగ్గావు," అన్నాడు కొత్తాయన.

"గుర్తు మీదికి రాలేదే!" అని నాంచారి అరిచింది. "పడలేదు, తాకలేదు! నా భుజం మీద పిండి అట్లే ఉంది చూడండి!"

"నేను చెప్పానంటే నెగ్గినట్టే." అతను భుజాన ఉన్న సంచిలోంచి పసుపు దట్టీలు గుత్తిగా బయటికి లాగాడు. కొత్తవి, పెళపెళలాడేవి. "కాగులో ముంచడం, పూటంతా ఎండబెట్టడం, ఇవన్నీ పనిలేనివాళ్ళ పనులు. ఇదిగో, సిద్ధంగా తెచ్చాను. రా నాయనా, నీకు తొందరగా ఉన్నట్టుంది."

అరుణకేతుడు ఆలోచించలేదు. కొత్తాయన అతని తెల్ల దట్టీని విప్పి గోడ మీద పడేసి, తన చేతులతోనే ఆ పసుపు దట్టీని అతని నడుముకు చుట్టి ముడి వేశాడు. ముడి పడిందో లేదో అరుణకేతుడు సాముకర్ర అందుకుని, గోడ మీది నుంచి దూకి, వంతెన వైపు బాణంలా దూసుకుపోయాడు.

నాంచారికి ఇంకా ఆ నల్ల అంచు గుర్తుకొస్తూనే ఉంది. అరిగినచోట గోధుమ లేదు, ఆకుపచ్చ లేదు, పసుపు లేదు. నలుపు కింద వట్టి తెలుపు. ఇప్పుడు ఈ కొత్త పసుపు గుడ్డలు. రెండూ కలిపి చూసుకునేసరికి పిల్లకు సంగతి అర్థమైంది.

"ఎవరూ కట్టుకోవద్దండి!" అని గొంతు చించుకుని అరిచింది. "ఆయప్ప గరిడీ మనిషి కాదు! పెద్దమ్మ తలుపు కొట్టండి!" అంటూనే అరుణకేతుడి వెనక పరుగెత్తింది.

గాలిలోయ అంచున వంతెన ఊగుతోంది. కింద అడుగు కనిపించని లోతులో తెల్లటి మంచు పాలకుండలా పొంగుతోంది. వంతెన మొదట ఆరు చెక్కపలకలు, ఆ తరువాత లోయలోంచి లేచిన ఒక రాతి దిమ్మె, దాని మీద మెలికలు తిరిగిన కొమ్ములతో రెండు పొట్టేళ్ళు. దిమ్మె దాటితే మళ్ళీ పొడవాటి వంతెన, దాని చివర గాజుగుట్ట.

దుమ్ముపట్టిన మొదటి పలక మీద అరుణకేతుడి పాదం ముద్ర పడింది. రెండు, మూడు, నాలుగు. ఆరో పలక మీద కాలు మోపేసరికి పొట్టేళ్ళు కళ్ళు తెరిచాయి. రాతి ముక్కుపుటాలు అదిరాయి. దట్టీ వాసన చూశాయి.

మరుక్షణం అతని నడుము చుట్టూ ఏదో కదిలింది. దట్టీ తడితడిగా, చల్లగా బిగుసుకుంటోంది. దాని కొస పైకి లేచి, రెండు నాలుకలు చాచి బుస్సుమంది. దట్టీ కాదది, పసుపుపచ్చ పాము! ముడి విప్పబోయాడు. వేసినవాడు తప్ప మరొకడు విప్పలేని ముడి. అటునుంచి మొదటి పొట్టేలు తల వంచి, పిడుగులా వచ్చి పడుతోంది. అరుణకేతుడు అలవాటు ప్రకారం పళ్ళు బిగించి ముందుకు వంగాడు.

"ఏడన్నా!" వెనక నుంచి ఒక సన్నటి గొంతు. "ఏడు! వెనక్కి! వెనక్కన్నా!"

మడమ మండింది. ఏడేళ్ళ నాటి నిప్పులు మళ్ళీ రాజుకున్నట్టే మండింది. మండనీ అనుకున్నాడు. ఆ మచ్చలు పడ్డాక మొదటిసారి అరుణకేతుడి కాలు వెనక్కి పడింది.

అక్కడ నిప్పులు లేవు, గట్టి పలక ఉంది.

పొట్టేలు కొమ్ము అతని రొమ్మును రాసుకుంటూ పోయింది.

"ఎనిమిది! తొమ్మిది!"

రెండో విసురుకు కొమ్ము కొస పాము మెలికలో తగులుకుంది. పొట్టేలు తల విదిలించేసరికి పాము రెండు ముక్కలై మంచులోకి రాలిపోయింది. ఆకాశంలో ఏదో పెద్ద నీడ కమ్మింది. రెండు నీడల కోనలో అది మూడో నీడ. పరీక్షాధికారి తలపాగా గాలిలో ఎగిరిపోయింది. గుండ్రటి మొహం, పసుపుపచ్చ కళ్ళు, కోటతలుపులంత రెక్కలు. ఉలూకదత్తుడు గుడ్లగూబై అరుణకేతుడి వీపు మీదికి గోళ్ళు చాచి దిగుతున్నాడు. ఎదురుగా రెండో పొట్టేలు ఎగిరి దూకింది.

"పది! పడన్నా, పడు!"

గడ్డం ఎదకు ఆనింది. చెయ్యి పలకను చెళ్ళున కొట్టింది. అరుణకేతుడు దూదిమూటలా పడి దొర్లాడు. పొట్టేలు అతని పైనుంచి దూసుకుపోయి, వెనక వస్తున్న గుడ్లగూబ రొమ్మును ఢీకొంది. ఈకలు తుఫానులో ఆకుల్లా రేగాయి.

పదకొండు. పన్నెండు. అతను లేచి వేసిన చివరి అడుగు, మొదటి పలక మీద తానే వదిలిన పాదముద్రలో సరిగ్గా కూర్చుంది.

మొదటి పొట్టేలు ఆగిపోయింది. ముందుకాళ్ళు మడిచి తల వంచింది. రెండోది కూడా వెనక్కి తిరిగి వచ్చి దాని పక్కన మోకరిల్లింది.

"అన్నా!"

గాయపడిన గుడ్లగూబ ఒంటి కాలితో నాంచారి భుజం పట్టుకుని పైకి లేపుతోంది. బియ్యప్పిండి చుక్క పెట్టిన భుజమే. పిల్ల కాళ్ళు అప్పటికే నేల వదిలాయి. అరుణకేతుడు కర్ర ఎత్తాడు. అతని బలమంతా పెట్టి కొడితే గోళ్ళతో పాటు పిల్ల ఎముక కూడా నుగ్గవుతుంది. కొట్టకపోతే పిల్ల లోయలోకి పోతుంది. కర్ర సుడిగాలిలా తిరిగి దిగింది. గూబ కాలి వేళ్ళను ఫట్టున చితక్కొట్టి, భుజానికి వెంట్రుకవాసి దూరంలో నిలిచిపోయింది.

ఉలూకదత్తుడు పెడబొబ్బ పెట్టి పిల్లను వదిలేశాడు. అరుణకేతుడు ఆమెను రెండు చేతులా అందుకున్నాడు. గూబ రెక్కలు ఈడ్చుకుంటూ గాజుగుట్ట వైపు ఎగురుతూ, "రా! దాటి రా! అవతల నీకు ఎదురుకోలు చేసేవాళ్ళు ఉన్నారు!" అని అరిచి మంచులో మాయమైంది.

నాంచారి ఒక నిమిషం వగర్చి, అతని చేతిలోని కర్ర లాక్కుని కొస చూసింది. తెల్లగా పిండి అంటి ఉంది. భుజం తడుముకుంది.

"గూబ గోళ్ళు నొప్పి పెట్టినాయి," అంది గంభీరంగా. "నీ కర్ర మాత్రం తెలియనే లేదు. సరే."

పరీక్షలో జోడీగా నిలిచిన పిల్ల నోట ఆ "సరే" వస్తేనే పరీక్ష ముగిసినట్టు.

అప్పటికి ఓబుళమ్మ వచ్చేసింది. వెనక పిల్లలు, ఆ వెనక తల్లిదండ్రులు మోదుగపూల కాగును మోసుకుంటూ వచ్చారు. తొండ పిల్లవాడి తండ్రి అందరికంటే ముందు పట్టుకున్నాడు. పాము దట్టీలన్నిటినీ ఓబుళమ్మ కర్రతో కొట్టి చంపి వచ్చింది.

"ఈ వంతెన కోసమే ఆ నడక అని ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అని అడిగాడు అరుణకేతుడు.

"చెప్తే చెవి వింటాది నాయనా. పాదానికి చెప్పాలంటే పన్నెండు ఉదయాలు పడతాది. నీ పాదానికి ఇంకా కొన్ని ఎక్కువే పట్టినాయి."

నాంచారి అతని తెల్ల గుడ్డను గరిడీ గోడ మీది నుంచి తెచ్చింది. పన్నెండు దారాలూ లెక్కపెట్టి చూసి, తన చేతులతో కాగులో ముంచింది. ముంచి తీసేసరికి అది లేత ఎండ రంగుకు తిరిగింది. నీళ్ళు కారుతున్నాయి. ఎండటానికి ఒక పూట పడుతుంది. అరుణకేతుడు పువ్వు తీసి చూశాడు. మిగిలిన ఒక్క రేక అంచున అప్పుడే సూదిమొనంత గాజు మెరుపు పుట్టింది. అతని కాళ్ళు నిలవలేదు. వంతెన వైపు చూశాడు, దట్టీ వైపు చూశాడు.

"ఎండనివ్వండి అమ్మా," అన్నాడు చివరికి. "ఆగుతాను."

ఓబుళమ్మ ముడతల మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది. "ఆ మాట కోసమే చూస్తాంటి. రంగు పట్టేది కాగులో. ఎండేది నడుం మీద కూడా ఎండుతాది. కట్టు నాంచారీ, తడిదే కట్టు."

అరుణకేతుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఈసారి వంగమని ఎవరూ చెప్పలేదు. నాంచారి ముడి బిగిస్తూ అతని చెవి దగ్గరికి వంగింది. ఆ గొంతులో ఎగతాళి లేదు.

"అన్నా, అక్కడ మా నాయన ఉండాడు. నల్ల దట్టీ. ఎడమ చెవి కొంచెం తెగి ఉంటాది. కనిపిస్తే..." పిల్ల పెదవి కొరుక్కుంది. "కనిపిస్తే గట్టిగా కొట్టొద్దన్నా. పగులుతాడు."

"నా చెల్లెలి మీద ఒట్టు," అన్నాడు అరుణకేతుడు.

తడి దట్టీ నుంచి చుక్క చుక్కగా మోదుగ రంగు కారుతుండగా అతను వంతెన ఎక్కాడు. రాతి పొట్టేళ్ళు రెండు పక్కలకూ తొలిగి దారి ఇచ్చాయి. దిమ్మె దాటాడు. మంచు నడుము దాకా వచ్చింది, తల దాకా వచ్చింది. వెనక పిల్లల కేకలు సన్నగిల్లి ఆగిపోయాయి. ముందు ఎక్కడో గాజు మీద గాజు ఆనినట్టు సన్నటి మోత. తీగెలు కిర్రుమంటున్నాయి. పలక మీద పలక దాటుతూ అతను పరుగు లాంటి నడకతో పోతున్నాడు.

ఉన్నట్టుండి మంచు విడిపోయింది.

వంతెన చివర, గాజుగుట్ట గుమ్మంలో, మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. పదిహేనుమంది. సూర్యకాంతి వాళ్ళ ఒళ్ళలోంచి ఇటునుంచి అటు దూసుకుపోతోంది. వాళ్ళ నడుములకు మాత్రం గాజు కాని గుడ్డలు ఉన్నాయి, గోధుమవి, నల్లవి, అంచుల్లో అన్ని రంగులూ తేలిన నిజమైన దట్టీలు. వాళ్ళ వెనక, ఎత్తైన గాజుపలక అవతల, ఒక చిన్నపిల్ల రెండు చేతులూ పలకకు ఆనించి నోరు తెరిచి పిలుస్తోంది. గొంతు వినిపించడం లేదు. కుముదిని!

"చెల్లీ!" అని అరుణకేతుడు ముందుకు ఉరకబోయాడు.

గుట్ట పైనుంచి గుడ్లగూబ కూసింది. పదిహేను గాజు కాళ్ళు ఒక్కసారిగా కదిలాయి. ఒకటి. రెండు. మూడు. గరిడీలో నేర్పే నడకే, అక్షరాలా అదే నడక. అందరికంటే ముందున్న బొమ్మ ఎడమ చెవి కొస తెగి ఉంది. ఆ గాజు చేతుల్లోని కర్ర అరుణకేతుడి నడినెత్తి మీదికి లేచింది. ఒక్క ఎదురుదెబ్బ చాలు, ఆ బొమ్మ వెయ్యి ముక్కలవుతుంది, దారి దొరుకుతుంది, చెల్లెలు పది బారల దూరంలోనే ఉంది.

నడుము దగ్గర తడి గుడ్డ ఇంకా చల్లగా తగులుతోంది.

అరుణకేతుడు కర్ర కొస కిందికి దించి, ఊపిరి వదిలి, ఒక అడుగు వెనక్కి వేశాడు.